పాట బాగుంది, మాట తెలీలేదు

మేం ఐదుగురం. ఒకరు తబలా, ఒకరు వేణువు, ఒక అక్క వయొలిన్, ఒక తమ్ముడు కీబోర్డు, నేను గాత్రం. ఎవరికీ ఇది వృత్తి కాదు. తబలా మిత్రుడికి స్టీల్‌ప్లాంటులో షిఫ్టు డ్యూటీ, అక్క బళ్ళో లెక్కల టీచరు. ఆదివారాలు విశాఖపట్నం లాసన్స్‌బే కాలనీలో మా మేడమీది గదిలో చేరి లలిత గీతాలు, జానపదాలు సాధన చేసుకునేవాళ్ళం. ఆ గదిలో మైకు లేదు. ఒకరికొకరం చక్కగా వినబడేవాళ్ళం. తబలా మిత్రుడు నా గొంతు విని చెయ్యి తగ్గించేవాడు, అక్క నా ఊపిరి చూసి కమాను ఆపేది. ఇదే బయటా పాడితే సరిపోతుందనుకున్నాం.

మొదటి కార్యక్రమం ఎంవీపీ కాలనీలో ఒక అపార్ట్‌మెంట్ వినాయక చవితికి. కార్లన్నీ బయటికి తీసేసి, కింద సెల్లార్లో వేదిక వేశారు. పైన తక్కువ ఎత్తులో కాంక్రీటు కప్పు, మూడువైపులా గోడలు, కింద గచ్చు. మైకుసెట్టు వాళ్ళు పెద్ద బాక్సులు రెండు మండపానికి అటూ ఇటూ, అంటే మా వెనకాల పెట్టారు. మా ముందు ఏడు మైకులు. పల్లవి పూర్తవకుండానే బాక్సుల్లో కూత మొదలైంది. మైకుసెట్టు బాబాయి తగ్గిస్తే మాకు మేం వినబడలేదు, పెంచితే మళ్ళీ కూత. గంటన్నర అలాగే గడిచింది.

అంతా అయ్యాక ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ లేచి వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. "పాట బాగుంది నాయనా. ఏం పాడావో మాత్రం తెలీలేదు" అన్నారు. ఆవిడ నన్ను నొప్పించాలని అనలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లలిత గీతంలో మాట వినబడకపోతే ఇంకేం మిగులుతుంది?

ఆ రోజు వైర్లు చుడుతున్నప్పుడు బాబాయి చెప్పిన మాటే నాకు మొదటి పాఠం. "మీరు మైకుకి దూరంగా కూకుంటారు. నాను పెంచితే అది కూస్తాది, పెంచకపోతే మీరినపడరు. మరి నానేటి సెయ్యాల బాబూ?"

నిజమే, ఆయన చేయగలిగింది ఏమీ లేదు. మైకులోకి వెళ్ళిన శబ్దం బాక్సులోంచి వస్తుంది, బాక్సులోంచి వచ్చింది మళ్ళీ మైకులో పడుతుంది. వెళ్ళినదానికంటే తిరిగొచ్చింది ఎక్కువైతే అది తనంతట తానే పెరిగి కూతవుతుంది. మేం బాక్సుల ముందు కూర్చుని, మైకును నోటికి జానెడు దూరంలో పెట్టుకుని, ఆ చక్రానికి మేమే దారి వేసి ఇచ్చాం. దూరం రెట్టింపైనప్పుడల్లా మైకుకు అందే గొంతు సుమారు 6 డెసిబెల్స్ (డెసిబెల్ అంటే శబ్దం హెచ్చుతగ్గుల కొలత) తగ్గుతుంది. 5 సెంటీమీటర్ల దగ్గర పాడాల్సింది 20 దగ్గర పాడితే 12 డెసిబెల్స్ పోయినట్టు. పోయినదాన్ని మిక్సర్లో, అంటే మైకుల శబ్దాలన్నిటినీ కలిపే పెట్టెలో, పెంచితే గొంతొక్కటే పెరగదు. వెనక బాక్సు, పక్కన తబలా, పైన ఫ్యాను, పిల్లల అల్లరి అన్నీ పెరుగుతాయి.

ఆ తర్వాతి నెలంతా పాటలు పక్కనపెట్టి మైకు ముందు కూర్చోవడమే సాధన చేశాం. తలా కొంత వేసుకుని రెండు షూర్ ఎస్‌ఎం58 మైకులు కొన్నాం. 1966 నుంచి వస్తున్న నమూనా అది, ఇప్పటికీ ఏ వేదిక మీద చూసినా కనబడుతుంది. దాని గుణం ఏమిటంటే ముందునుంచి వచ్చేది బాగా తీసుకుంటుంది, నేరుగా వెనకనుంచి వచ్చేదాన్ని చాలావరకు వదిలేస్తుంది. కాబట్టి మా కోసం పెట్టే మానిటర్ బాక్సు సరిగ్గా మైకు తోక వైపు ఉండాలి. మైకు జాలీని పిడికిలితో మూసి పట్టుకుంటే ఆ గుణమే పోతుంది, అన్ని వైపులనుంచీ లాక్కోవడం మొదలుపెట్టి కూస్తుంది. టీవీలో చూసి అలా పట్టుకోవడం మాకూ అలవాటైంది. మానుకోవడానికి రెండు వారాలు పట్టింది.

దగ్గరగా పాడితే ఇంకో రెండు సంగతులు బయటపడ్డాయి. ఒకటి, ఇలాంటి మైకుకు దగ్గరైనకొద్దీ గొంతులో కింది గంభీరత పెరుగుతుంది, అతి అయితే గునగునమంటుంది. మిక్సర్లో లో కట్ బొత్తాం నొక్కి 100 హెర్ట్జ్ (సెకనుకు 100 కంపనాలు) కింద ఉన్నది తీసేస్తే గొంతు తేటపడింది. రెండోది మన అక్షరాలది. ప, బ ఎలాగూ మైకును కొడతాయి. వత్తక్షరాలు ఇంకా గట్టిగా కొడతాయి. 'భ' అన్నప్పుడల్లా బాక్సులో దబ్‌మనేది. అలాగని భావాన్ని బావం అని పాడలేం కదా. మైకును నోటికి ఎదురుగా కాక కాస్త పక్కకు, బుగ్గ మూలనుంచి నోటివైపు చూసేలా వంచితే ఆ ఊపిరి మైకు పక్కనుంచి వెళ్ళిపోతుంది, అక్షరం మాత్రం అందుతుంది. ఈ ఒక్క చిన్న మార్పుకే మా ఉచ్చారణ మీద నాకు ధైర్యం వచ్చింది.

మాట ఎందుకు తెలియలేదో ఆలోచిస్తూ ఆ సెల్లార్‌కు మళ్ళీ వెళ్ళాను. వాచ్‌మన్‌ను అడిగి మధ్యలో నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టాను. ఆ చప్పుడు చాలాసేపు గోడల మధ్య తిరిగింది. తర్వాత ఒక పల్లవి మామూలుగా పాడి ఫోన్లో రికార్డు చేసి, ఇంటికొచ్చి చెవుల్లో పెట్టుకుని విన్నాను. అప్పుడు తోచింది: మన భాషలో మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. అచ్చుకు బలం ఎక్కువ, సాగుతుంది. హల్లు క్షణంలో పుట్టి పోతుంది. గదిలో 'ఆ' ఇంకా మోగుతుండగానే తర్వాతి మాట తొలి హల్లు వచ్చి దానికింద మునిగిపోతుంది. 'వెన్నెల వాకిట' అంటే వినేవాళ్ళకు 'వెన్నెలలల... ఆకిట' అని చేరుతుంది. మోగే గదిలో పాటకు తెలుగు తీపే అడ్డం వస్తుందని అప్పుడు తెలిసింది.

దాని మీద మైకుసెట్టు వాళ్ళు ఎకో వేస్తారు. వాళ్ళది తప్పనలేను. జనం అడుగుతారు, ఎకో లేకపోతే సౌండు బాగాలేదంటారు. కానీ అప్పటికే మోగుతున్న గదికి ఎకో కలిపితే పోసిన నీళ్ళలోనే మళ్ళీ నీళ్ళు పోసినట్టు. తర్వాత ఒకరోజు బాబాయిని కూర్చోబెట్టి, ఎకో ఉన్న రికార్డు ఒకటి, లేని రికార్డు ఒకటి వినిపించాను. "బాబాయ్, ఎందులో మాట తెలుస్తోంది?" అంటే రెండోదే చూపించాడు. ఆరుబయట కొంచెం ఎకో, గదిలో అసలు వద్దు అని అప్పుడే ఒప్పందం చేసుకున్నాం. ఆ ఒప్పందం ఇప్పటికీ నడుస్తోంది.

మైకులు తగ్గించడం అందరికంటే మాకే కష్టమైంది. ప్రతివాళ్ళకూ తమ వాయిద్యం వినబడాలని ఉంటుంది. కానీ తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ, కూత రాకుండా పెంచుకోగలిగే హద్దు 3 డెసిబెల్స్ తగ్గిపోతుంది. ఏడు మైకుల్ని నాలుగుకు తెచ్చాం. గాత్రానికి ఒకటి, వేణువుకు ఒకటి, తబలాకు రెండు. కీబోర్డు వైరుతో నేరుగా, వయొలిన్‌కు మైకు బదులు పికప్. తబలా మైకులు ఒకదానికొకటి మరీ దగ్గరైతే ఒకే దెబ్బ రెండింట్లోనూ వేర్వేరు క్షణాల్లో పడి పల్చబడుతుంది. చర్మానికి మైకు ఎంత దూరమో, మైకుకూ మైకుకూ మధ్య దానికి మూడు రెట్లు ఉండేలా చూసుకోవాలన్నది పాత లెక్క. కుడి, ఎడమల మధ్య అంత చోటు దొరకదు కాబట్టి మైకుల్ని ఇంకా దగ్గరగా దించి, ఒకదాని వీపు రెండోదానివైపు ఉండేలా వంచి పెట్టాం. వేణువుకు నోటిరంధ్రం ఎదురుగా మైకు పెడితే ఊపిరే భుస్సుమంటుంది. కాస్త పైనుంచి, వేళ్ళవైపు చూసేలా పెడితే నాదం వచ్చింది.

వయొలిన్ మమ్మల్ని చాలా రోజులు ఏడిపించింది. అక్క వాయిద్యానికి అంటించే పీజో పికప్ కొన్నాం, చెక్క కంపనాన్నే కరెంటుగా మార్చే బిళ్ళ అది. దాన్ని తిన్నగా మిక్సర్ లైనులో పెడితే రేకు డబ్బా గీకినట్టుంది. అక్క కళ్ళనీళ్ళ పర్యంతమై, "ఇరవై ఏళ్ళు సాధన చేసింది ఈ శబ్దం కోసమా" అంది. తప్పు వయొలిన్‌ది కాదు, పికప్‌దీ కాదు. పీజోకు ఎదురుగా ఒక మెగాఓమ్ లాంటి పెద్ద ఇంపెడెన్స్, అంటే కరెంటుకు అడ్డు, ఉండాలి. మిక్సర్ లైనులో అంత ఉండదు, అందుకని కింది స్వరాలు చచ్చిపోతాయి. మధ్యలో ఆ తేడాను సరిపెట్టే యాక్టివ్ డీఐ బాక్స్ పెట్టి, మిక్సర్లో దానికి వైరులోంచే కరెంటు అందించే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ వేసి, అక్కడినుంచి ఎక్స్‌ఎల్‌ఆర్ వైరు లాగాక అక్క మంద్రస్థాయి మళ్ళీ వినబడింది. పొడవైన మామూలు జాక్ వైరు పట్టే గీ శబ్దం కూడా పోయింది. ఎక్స్‌ఎల్‌ఆర్‌లో రెండు తీగల మీద నాదం ఒకదానికొకటి తిరగబడి వెళుతుంది. దారిలో చేరిన రొద రెంటి మీదా ఒకేలా ఉంటుంది కాబట్టి అవతల చివర అది రద్దయిపోతుంది. ఆ పని తెలిశాక నాకు ఆ వైరు అంటే ఒక గౌరవం ఏర్పడింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఒక కార్తీకమాసం సాయంత్రం, అంతకుముందే వాన పడి ఆగింది. గుడి మండపంలో పాడుతున్నాం. పెదవి మైకుకు తగలగానే జిల్లుమని షాకు కొట్టింది. రెండోసారీ కొట్టింది. నేను పాట ఆపేశాను. నిర్వాహకులు "ఏం కాదండీ, కానివ్వండి" అన్నారు. కానివ్వలేదు. చూస్తే పందిరికి లాగిన లైనులో ఎర్తే లేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి సరిచేసేదాకా ముప్పావుగంట ఆగాం. కొందరు స్పీకర్లో 50 హెర్ట్జ్ గీ శబ్దం పోవడానికి ప్లగ్గుకున్న ఎర్త్ పిన్ను పీకేస్తారు. ఆ శబ్దం పోవచ్చు, దానితోపాటు మనిషినీ తీసుకుపోవచ్చు. గీ శబ్దం వస్తే మిక్సర్, కీబోర్డు, లాప్‌టాప్ అన్నిటినీ ఎర్త్ ఉన్న ఒకే బోర్డునుంచి తీసుకోండి, చాలావరకు పోతుంది. సాకెట్లో ఎర్త్ ఉందో లేదో చెప్పే చిన్న టెస్టర్ ఇప్పుడు నా సంచిలో మైకు కంటే ముందు ఉంటుంది. పాట మళ్ళీ పాడుకోవచ్చు.

మిక్సర్ దగ్గర నేను చేసిన పెద్ద పొరపాటు సౌండ్ చెక్‌లో నెమ్మదిగా "హలో, వన్ టూ" అనడం. దాన్నిబట్టి గెయిన్ (మైకు శబ్దాన్ని మిక్సర్ మొదట్లోనే పెంచే మీట) పెట్టుకుంటే, చరణంలో తారస్థాయికి వెళ్ళేసరికి ఎర్రదీపం వెలిగి గొంతు చిట్లేది. ఇప్పుడు మా సౌండ్ చెక్ అంటే మా పాటల్లో అన్నిటికంటే గట్టిగా పాడే చరణం. దానికి ఎర్రదీపం దరిదాపులకు రాకుండా గెయిన్ పెట్టి, ఆ తర్వాతే బయటికి పోయే శబ్దాన్ని హెచ్చించే ఫేడర్ ముట్టుకుంటాం. తర్వాత ఖాళీ హాల్లో మైకులన్నీ తెరిచి మెల్లగా పెంచుతాం. ఏదో ఒకచోట సన్నగా ఈల మొదలవుతుంది. ఫోన్లో స్పెక్ట్రమ్ యాప్ అది ఏ హెర్ట్జో చూపిస్తుంది. శబ్దాన్ని మంద్రం నుంచి తారం దాకా 31 పట్టీలుగా విడదీసే ఈక్వలైజర్లో ఆ ఒక్క పట్టీని 3 డెసిబెల్స్ దించుతాం. మళ్ళీ పెంచుతాం, ఇంకోటి దొరుకుతుంది. మూడు, నాలుగు చాలు. ఒకసారి ఉత్సాహంలో పదకొండు పట్టీలు దించాను. కూత రాలేదు నిజమే, గొంతు కూడా గోనెసంచిలోంచి వచ్చినట్టు వచ్చింది. హల్లుల్ని విడదీసి చూపే శబ్దం ఎక్కువగా 2 కిలోహెర్ట్జ్ పైనే ఉంటుంది. అక్కడ నరికితే పెద్దావిడకు మళ్ళీ మాట తెలియదు.

వైజాగ్ గాలి సంగతి వేరు. బీచ్ రోడ్డులో ఒక చిన్న కాఫీ హోటల్ డాబా మీద సాయంత్రాలు పాడాం. సముద్రం మీదినుంచి వచ్చే గాలి మైకును తాకి బాక్సుల్లో ఉరుముల్లా వినబడేది. స్పాంజి తొడుగులు, లో కట్, ఇంకా మైకులకు గాలి తగలకుండా మేం తిరిగి కూర్చోవడం, మూడూ కలిస్తేగానీ తగ్గలేదు. అక్కడి చెమ్మకు తబలా తోలు వదులై శ్రుతి దిగిపోతుంది. ఏసీ గదిలో బిగిస్తే బయటికి రాగానే మారిపోతుంది. అందుకే పాడేచోటే అరగంట ముందు తబలా విప్పి పెట్టి, తోలు ఆ గాలికి అలవాటయ్యాక సుత్తి పట్టుకుంటాడు మా మిత్రుడు. ఉప్పుగాలికి జాకులు నల్లబడి చిటపటలాడతాయి. నెలకోసారి కాంటాక్ట్ క్లీనర్‌తో తుడుస్తాం. మైకుల పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేస్తాం. మందు డబ్బాల్లో వచ్చేవి పారేయకుండా అక్క ఏడాదిగా దాస్తోంది.

అన్నిటికంటే ఆలస్యంగా నేర్చుకున్నది వేదిక మీద శబ్దం తగ్గించుకోవడం. "నాకు నేను వినబడట్లేదు, పెంచండి" అని ఒకరంటారు. పెంచితే పక్కవాళ్ళు అదే అంటారు. చివరికి మా మానిటర్ల రొద జనంలోకి పోయే బాక్సుల్ని మింగేస్తుంది. ఎవరైనా వినబడట్లేదంటే ఇప్పుడు మేం ముందు అడిగేది, ఏది తగ్గిద్దాం అని. సాధారణంగా కీబోర్డే. తమ్ముడు మొదట నొచ్చుకున్నాడు. ఎడమచేతి మంద్రం, తబలా ఎడమ, రెండూ ఒకే చోట పోట్లాడుకుంటున్నాయని రికార్డులో విన్నాక అతనే ఎడమచెయ్యి తగ్గించి వాయిస్తున్నాడు. మేడమీది గదిలోలాగా దగ్గరగా, అర్ధచంద్రంలా కూర్చుంటున్నాం. సగం సమస్యలు ఆ కూర్చోవడంతోనే పోయాయి.

వినడం నేర్చుకోవడానికి పిఠాపురం కాలనీలో కళాభారతి ఆడిటోరియంలో కచేరీలకు వెళ్ళడం మొదలుపెట్టాను. ఒక పాట ముందు వరసలో, ఒకటి మధ్యలో, ఒకటి చివర గోడ దగ్గర. గురజాడ కళాక్షేత్రంలోనూ అలాగే. ఒకే కచేరీ మూడుచోట్ల మూడు రకాలుగా ఉంటుంది. మా కార్యక్రమాల్లో రికార్డు చేసే ఫోన్‌ను అప్పటినుంచి వేదిక దగ్గర పెట్టడం లేదు, చివరి కుర్చీ వెనక పెడుతున్నాం.

ఇంకో సంగతి వీధి ఉత్సవాలది. స్తంభాలకు వరసగా బాక్సులు కడతారు. ఒక సెకనులో శబ్దం సుమారు 345 మీటర్లే వెళుతుంది, వైర్లో మాత్రం పాట అన్ని బాక్సులకూ ఒకేసారి చేరుతుంది. రెండు బాక్సుల మధ్య 30 మీటర్లుంటే, ఒకదాని కింద నిలబడ్డ మనిషికి రెండోదాని మాట సెకనులో పదకొండో వంతు ఆలస్యంగా చేరి ప్రతి అక్షరాన్ని రెండుసార్లు చెబుతుంది. బాబాయి దూరపు బాక్సుల్ని వేదికకు వీపు పెట్టి ముందుకు తిప్పి, శబ్దం తగ్గించి ఇస్తున్నాడు. పూర్తిగా పోదుగానీ భరించదగ్గ స్థితికి వస్తుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప రాత్రి 10 తర్వాత ఆరుబయట లౌడ్‌స్పీకర్ పనికిరాదు. నివాస ప్రాంతంలో పగటి హద్దు 55 డెసిబెల్స్. తేటగా ఉన్న శబ్దం తక్కువలోనే చాలుతుంది కాబట్టి పొరుగువాళ్ళనుంచి మాకు ఇప్పుడు ఫిర్యాదులు రావడం లేదు.

మరుసటి ఏడాది వినాయక చవితికి అదే అపార్ట్‌మెంటు, అదే సెల్లారు. బాబాయికి వారం ముందే ఒక కాగితం ఇచ్చాను: ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ఎవరికి ఏ మైకు, ఏ వైరు. రెండు గంటల ముందే చేరాం. బాక్సుల్ని మా ముందుకు తెచ్చి, స్టాండుల మీద కూర్చున్నవాళ్ళ తలలకంటే ఎత్తుగా నిలిపి, కొంచెం కిందికి వంచాం. గోడమూలల్లో పెడితే గుమ్ముమంటుందని ఒక బారెడు ఇవతలికి లాగాం. వెనక గోడకు షామియానా గుడ్డ మడతలు మడతలుగా వేలాడదీయించాం, కింద జంపఖానాలు పరిపించాం. "ఏటి బాబూ, పెళ్ళిపందిరేస్తన్నారా?" అన్నాడు బాబాయి. గుడ్డ కట్టాక చప్పట్లు కొట్టి చూసి, ఆయనే ఇంకో గుడ్డ తెప్పించాడు. ఎకో మీట మీద అడగకుండానే టేపు అంటించాడు.

ఉత్తరాంధ్ర జోలపాట ఒకటి పాడాను. అయ్యాక అదే పెద్దావిడ వచ్చారు. సౌండు గురించి ఏమీ అనలేదు. "రెండో చరణంలో వాకిట అన్నావు. మా అమ్మ లోగిట అని పాడేది. నీకెవరు నేర్పారు?" అన్నారు. మా నాయనమ్మ అన్నాను. ఆవిడ పక్కన కుర్చీ లాక్కుని మొత్తం పాట తన పాఠంలో పాడి వినిపించారు. తమ్ముడు ఫోన్లో రికార్డు చేశాడు.

తబలా ఎడమ ఆ సెల్లార్లో ఇంకా గుమ్ముమంటూనే ఉంది. మైకు తీసేసి చూశాం, పట్టీలు దించి చూశాం. ఈసారి దాన్ని దళసరి బొంత మీద పెట్టి, వేదిక చెక్కనుంచి వేరుచేసి చూద్దామంటున్నాడు మా మిత్రుడు. వచ్చే ఆదివారం అతనికి నైట్ షిఫ్టు. పగలు సెల్లార్ తెరిచి ఉంచమని వాచ్‌మన్‌కు చెప్పాను.